చేతి మీదుగా వెళ్ళిన మాట

తపాలా శాఖలో నేను 1980లో చేరి 2016లో పదవీ విరమణ చేశాను. ముప్ఫై ఆరు సంవత్సరాలు ఇతరుల ఉత్తరాలను ఒకచోటి నుండి మరొకచోటికి చేర్చడమే నా వృత్తి. వాటిలో ఏమి వ్రాసి ఉన్నదో నాకు అక్కరలేదు. చిరునామా సరిగా ఉన్నదా, తపాలా బిళ్ళ అంటించారా, సంచి వేళకు బండి ఎక్కిందా, అంతవరకే నా పూచీ. ఉత్తరంలోని వార్త శుభమైనా అశుభమైనా, నిజమైనా అబద్ధమైనా, దానికి వ్రాసినవాడే జవాబుదారీ. విరమణ తరువాత మా అబ్బాయి స్మార్ట్‌ఫోను కొని చేతిలో పెట్టినప్పుడు కూడా నేను అదే బుద్ధితో దానిని పట్టుకున్నాను. వచ్చినదానిని వచ్చినట్లు ముందుకు పంపడం నాకు అలవాటైన పనే కదా అనుకున్నాను. ఆ తలంపు ఎంత పొరపాటో తెలిసివచ్చిన వృత్తాంతాన్ని ఈ పత్రిక పాఠకులకు విన్నవించాలని చాలాకాలంగా అనుకుంటున్నాను. యాత్రలు చేసేవారికీ, దానధర్మాలు చేసేవారికీ ఇది ప్రత్యేకించి పనికివస్తుందని నా నమ్మకం.

ముందుగా ఈ ఫోను చేసిన ఉపకారాన్ని చెప్పకపోతే కృతఘ్నత అవుతుంది. 2020లో కరోనా కారణంగా రాకపోకలు నిలిచిపోయిన రోజులలో విశాఖపట్నంలో మా పెద్ద బావమరిది కాలం చేశారు. వెళ్ళే దారి లేదు. ఆయన కుమారుడు శ్మశానవాటిక నుండి వీడియో కాల్ చేశాడు. మా ఇంటావిడ ఆ చిన్న తెర ఎదుట నేలమీద కూర్చుని, అన్నగారికి చేతులు జోడించి, కాల్ ముగిసిన తరువాత కూడా చాలాసేపు అలాగే ఉండిపోయింది. అంతకు ఏడేళ్ళ క్రితం, 2013 జూలైలో, మన దేశంలో టెలిగ్రాం సేవను శాశ్వతంగా నిలిపివేశారు. ఆ పాతకాలంలోనైతే మరణవార్త ఒక పసుపుపచ్చని కాగితం మీద నాలుగు ముక్కలుగా వచ్చేది. ముఖం చూపించే తంతి మాకు లేదు. కాబట్టి ఈ సాధనాన్ని తూలనాడే ఉద్దేశం నాకు లేదు.

అయితే ఇది దినచర్యలోకి వచ్చిన తీరు వేరు. మేలుకొన్న వెంటనే అరచేతులు చూసుకోవడం మా నాయనగారు నేర్పిన అలవాటు. ఇప్పుడు అదే అరచేతిలో ఫోను ఉంటున్నది. చదువుకున్న పాఠశాల మిత్రుల బృందం ఒకటి, పింఛనుదారుల బృందం ఒకటి, మా వీధివారిది, బంధువులది, మా కోవెల భజన బృందానిది, మొత్తం ఐదు వాట్సాప్ బృందాలలో నేను సభ్యుణ్ణి. తెల్లవారేసరికి నూరు సందేశాలకు తక్కువ ఉండవు. అందులో డెబ్బై దాకా పువ్వులతో, దేవతామూర్తులతో కూడిన శుభోదయాలే. ఏకాదశి వచ్చిందంటే ఫోను నిండిపోయి, చోటు లేదని మొరపెడుతుంది. స్వామివారి చిత్రాలను తుడిచివేయడానికి మొదట్లో చేయి ఆడేది కాదు. ఇప్పుడు ముందుగా ఒక నమస్కారం చేసుకుని తుడుస్తున్నాను. ఇది నవ్వులాటగా తోచవచ్చు గాని, నా వంటివారు ఎందరో ఇదే చేస్తున్నారని విన్నాను.

సందేశం పక్కన కనిపించే నీలిరంగు గుర్తుల సంగతి మరొకటి. మా కాలంలో రసీదు కోరుతూ రిజిస్టరు ఉత్తరం పంపాలంటే అదనపు రుసుము కట్టి, ఎక్నాలెడ్జ్‌మెంట్ కార్డు జతచేసి, అది సంతకంతో తిరిగివచ్చే వరకు వారం రోజులు ఎదురుచూసేవారు. వాట్సాప్ 2014 చివరలో ఈ గుర్తులను ప్రవేశపెట్టి, ప్రతి చిన్న మాటకూ ఆ రసీదును ఉచితం చేసింది. దానితోపాటు, చదివి కూడా జవాబివ్వలేదన్న అలకలను కూడా ఉచితంగానే ఇచ్చింది. మా బంధువులలో రెండు కుటుంబాలు ఆ నీలిగీతల కారణంగానే ఒక పెళ్ళికి ఎడమొగం పెడమొగంగా వచ్చాయి.

పొట్టి వీడియోల మాట చెప్పుకోనక్కరలేదు. తపాలా సంచికి అడుగు ఉండేది. ఎన్ని ఉత్తరాలున్నా, చివరి దానిని గూటిలో వేసి సంచి దులిపితే ఆ పూటకు పని తీరేది. ఈ వీడియోల సంచికి అడుగు లేదు. వేలితో నెట్టినకొద్దీ మరొకటి వస్తూనే ఉండేటట్లు దానిని నిర్మించారు. సంధ్యావందనం వేళ దాటిపోయిన సాయంత్రాలు నాకూ ఉన్నాయి. ఆ దోషం నాది. దాని ఫలితం కూడా నా వరకే. నేను చెప్పదలచినది నా చేతి మీదుగా ఇతరులకు జరిగిన నష్టం గురించి.

అందుకు ముందు ఒక పాత సంగతి గుర్తు చేయాలి. 1980వ దశకంలో ఉత్తరాలను వేరుచేసే బల్ల మీద నాకు తరచు ఒక రకం కార్డులు కనబడేవి. అప్పట్లో పోస్టుకార్డు పదిహేను పైసలు. ఆ కార్డు మీద ఒక దేవుని పేరో, దేవత పేరో ఉండేది. ఫలానా క్షేత్రంలో ఒక అద్భుతం జరిగిందనీ, ఈ సంగతిని ఇరవై ఒక్క మందికి వ్రాస్తే లాటరీ తగులుతుందనీ, చించివేసినవానికి కీడు మూడుతుందనీ వ్రాసి ఉండేది. గొలుసు ఉత్తరాలు అనేవారు వాటిని. ఈ తరం పాఠకులు చూసి ఉండరు గాని, అరవై దాటినవారికి జ్ఞాపకం ఉండకపోదు. వాటిని అందుకున్న గృహిణులు భయపడి, పిల్లలను కూర్చోబెట్టి, ఇరవై ఒక్క కార్డులూ వ్రాయించేవారు. వాటికి మూడు రూపాయల పదిహేను పైసలు ఖర్చయ్యేది, ఒక మధ్యాహ్నమంతా పట్టేది. ఆ ఖర్చుకూ శ్రమకూ వెనుకాడి మానుకున్నవారే ఎక్కువ. అందుచేతనే ఆ గొలుసులు కొంత దూరం పాకి, తమంతట తామే తెగిపోయేవి.

ఆ కార్డులలో నేను గమనించిన ముఖ్యమైన విషయం ఒకటున్నది. వాటి మీద పంపినవారి పేరు ఉండేది కాదు. కార్డు తెరిచిన పుస్తకం వంటిది, మా పోస్టుమాన్ కూడా చదవగలడు. కాని వ్రాసినదెవరో అందుకున్నవారికి తెలియదు. తెలియదు కనుకనే కొంచెం లోకజ్ఞానం ఉన్నవారు దానిని నమ్మేవారు కారు. పేరు పెట్టుకోవడానికి జంకినవాని మాటకు విలువేమిటని మా పోస్టుమాస్టరుగారు అంటుండేవారు.

ఇప్పుడీ రెండూ తారుమారయ్యాయి. వాట్సాప్ సందేశానికి 2016 నుండి రెండు కొసలా తాళం ఉన్నది. పంపినవారి ఫోనులో బిగిసిన తాళం అందుకున్నవారి ఫోనులోనే తెరుచుకుంటుంది. మధ్యలో ఆ సంస్థవారు కూడా చదవలేరు. మన ఆంతరంగిక విషయాలకు అది మంచి రక్షణే. కాని అబద్ధానికి కూడా అదే రక్షణ. దానిని మధ్యలో ఎవరూ ఆపలేరు. ఇక కార్డు మీద లేని పంపినవారి పేరు ఇక్కడ స్పష్టంగా ఉంటుంది. ఆ పేరు మొదట వ్రాసినవానిది కాదు. మనకు చేరవేసిన మన అన్నగారిది, పిన్నిగారిది, పొరుగింటి పెద్దమనిషిది. ఎవరు పుట్టించారో తెలియని మాటకు మనవారి పేరు ముద్రగా పడుతున్నది.

నా పేరు అలా పడిన సంగతి చెబుతాను. మా వీధిలో ఒక విశ్రాంత ఉపాధ్యాయుని భార్య ఉంటారు. ఆయన గతించి మూడేళ్ళు. ఆమె నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తారు. రెండేళ్ళ క్రితం కార్తీకమాసం చివరలో భజన బృందంలోకి ఒక సందేశం వచ్చింది. ఒక ప్రసిద్ధ క్షేత్రం పేరు, గోపురం చిత్రం, అన్నదాన పథకం వివరాలు, చివర సొమ్ము పంపడానికి క్యూఆర్ కోడ్. మనం కోరిన తిథినాడు మనవారి పేరిట అన్నదానం జరిపిస్తారని అందులో ఉన్నది. ఆ సందేశం పైన జంట బాణాల గుర్తు కనబడింది. మా శాఖలో ఎక్స్‌ప్రెస్ డెలివరీ ఉత్తరాలకు ప్రత్యేకమైన చీటీ అంటించేవారు. ఇదీ అటువంటి ముఖ్యమైన సందేశమని సూచించే గుర్తేనని భ్రమపడ్డాను.

ఆ జంట బాణాల అర్థం తరువాత తెలుసుకున్నాను. ఆ సందేశం మొదటి మనిషి నుండి బయలుదేరి కనీసం ఐదు అంచెలు దాటి వచ్చిందని దాని భావం. అంటే మనకు పంపినవారికి కూడా దాని పుట్టుక తెలిసే అవకాశం తక్కువ. దీని వెనుక ఒక విషాద చరిత్ర కూడా ఉన్నది. 2018లో పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న పుకారు వాట్సాప్ ద్వారా పలు రాష్ట్రాలలో వ్యాపించింది. మన తెలుగు నేల మీద కూడా ఊరికి కొత్తగా వచ్చిన అమాయకులను జనం కొట్టారు. దేశంలో పలుచోట్ల ప్రాణాలు పోయాయి. ఆ తరువాతనే, ఆ ఏడాది జూలైలో, మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చోట్లకు మించి పంపే వీలు లేకుండా చేశారు. 2020 ఏప్రిల్ నుండి జంట బాణాల సందేశాలను ఒకసారికి ఒక్క చోటికే పంపనిస్తున్నారు. ఒకనాడు పదిహేను పైసలూ, చేతినొప్పీ చేసిన పనిని ఇప్పుడు యంత్రం చేత చేయిస్తున్నారన్నమాట.

ఆనాడు ఆ యంత్రం నన్ను కూడా ఆపబోయింది. నాలుగు బృందాలను ఒకేసారి ఎంచుకోబోతే కుదరలేదు. ఫోను మొరాయిస్తున్నదని విసుక్కుని, ఒక్కొక్క దానికి విడివిడిగా పంపాను. పుణ్యకార్యం కదా అన్న తృప్తితో చివర ఒక జోడించిన చేతుల బొమ్మ కూడా చేర్చాను.

మార్గశిరంలో ఆ ఉపాధ్యాయుని ఆబ్దికం. ఆమె తన మనుమడి చేత ఆ క్యూఆర్ కోడ్‌కు 5,116 రూపాయలు పంపించారు. నెలకొకసారి వచ్చే కుటుంబ పింఛనులో అది చిన్న మొత్తం కాదు. ఆ తిథినాడు ఉదయం ఇంట తద్దినం పెట్టించి, మధ్యాహ్నం పన్నెండు గంటలకు క్షేత్రంలో ఆయన పేరిట వడ్డన జరుగుతున్నదన్న భావనతో తాను ఆ దిక్కుగా నమస్కరించుకున్నారట. కొన్నాళ్ళకు బంధువులు ఎవరో ఆ క్షేత్రానికి వెళుతుంటే రసీదు తెమ్మని వివరాలు ఇచ్చి పంపారు. కార్యాలయంలోని గుమాస్తా పుస్తకాలన్నీ వెదికి, అటువంటి సొమ్ము తమకు చేరలేదనీ, ఆ కోడ్ తమది కాదనీ చెప్పాడు. అప్పటికి డబ్బు పంపి పంతొమ్మిది రోజులు.

నేను సంగతి తెలిసి ఆమె ఇంటికి వెళ్ళాను. ఆ సొమ్ము నేను ఇస్తానన్నాను. ఆమె తీసుకోలేదు. కోపం కూడా లేదు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి, ఇలా అన్నారు: "ఆ కాగితాన్ని నేను సరిగా చదవనేలేదు అన్నయ్యగారూ. పైన మీ పేరు చూశాను. మీరు పంపారంటే విచారించే పంపి ఉంటారనుకున్నాను." కొంచెం ఆగి, "డబ్బు పోతే పోయింది. ఆ తిథి మళ్ళీ రాదుగా" అన్నారు.

ముప్ఫై ఆరేళ్ళ ఉద్యోగంలో ఒక్క మెమో అందుకోని నాకు ఆ మాట మెమో కంటే ఎక్కువయింది.

చిన్నప్పుడు మా తాతగారి వద్ద తర్కశాస్త్ర ప్రాథమిక పాఠాలు విన్నాను. గౌతముని న్యాయశాస్త్రం జ్ఞానానికి నాలుగు ప్రమాణాలను చెబుతుంది: ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం. కంటితో చూసి తెలుసుకోవడం, గుర్తును బట్టి ఊహించడం, పోలికతో గ్రహించడం, ఇతరుల మాట వలన తెలుసుకోవడం. మన నిత్యజీవితంలో నాలుగవదే ఎక్కువ. అయితే ఎవరి మాటైనా ప్రమాణం కాదు, ఆప్తుని మాట మాత్రమే ప్రమాణం. ఆప్తుడంటే మనం వాడుకలో అనుకునే దగ్గరి బంధువు కాదు. ఆ సూత్రాలకు భాష్యం వ్రాసిన వాత్స్యాయనుడు, విషయాన్ని స్వయంగా ఎరిగి, ఎరిగినది ఎరిగినట్లు చెప్పాలన్న కోరికతో పలికేవాడే ఆప్తుడని వివరించాడు. ఋషి అయినా, సామాన్యుడైనా, పరదేశి అయినా ఆ లక్షణం అందరికీ ఒక్కటేనని కూడా అన్నాడు. అంటే వయస్సు, కులం, హోదా, నుదుటి విభూతి, వీటి వలన ఆప్తత్వం రాదు.

ఆ పాఠం ప్రకారం చూసుకుంటే, అన్నదాన సందేశం విషయంలో నేను ఆప్తుణ్ణి కాను. నాకు ఆ విషయం తెలియదు. నేను కేవలం మోసుకువెళ్ళినవాణ్ణి. కాని ఆమె దృష్టిలో నేను ఆప్తుణ్ణే. మోసగాడు తన మాటకు ప్రమాణాన్ని నా వద్ద అప్పు తీసుకున్నాడు. ఆ అప్పును నేనే, అడగకుండానే, ఇచ్చాను.

తరువాత చేయగలిగినది చేశాము. సైబర్ మోసాలకు కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన 1930 నంబరుకు ఫోన్ చేసి, జాతీయ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు నమోదు చేయించాము. అంత ఆలస్యంగా చెప్పినందువలన ఫలితం కలగలేదు. మోసం జరిగిన తొలి గంటలలోనే 1930కి చెబితే, ఆ సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగానే బ్యాంకులు దానిని నిలిపివేయగలుగుతాయి. ఖాతాలు మారి నగదుగా చేతికి వెళ్ళిన తరువాత పట్టుకోవడం కష్టం. పరువు పోతుందని, పిల్లలు కోప్పడతారని చాలామంది పెద్దలు రెండు మూడు రోజులు దాచిపెడతారు. ఆ రెండు మూడు రోజులే మోసగానికి కావలసినవి.

సందేశాన్ని తుడిచివేద్దామని కూడా చూశాను. పంపినదానిని అందరి ఫోనులలోనూ లేకుండా చేసే వీలు రెండు రోజులకు కొంచెం పైబడి మాత్రమే ఉంటుందట. ఆ గడువు ఎప్పుడో దాటింది. ఒకవేళ గడువులోనే తుడిచినా, నా వద్ద నుండి తీసుకుని ఇతరులు పంపుకున్నవి పోవు. పూర్వం ఉత్తరం డబ్బాలో వేసిన తరువాత మనసు మారితే, రుసుము కట్టి, దరఖాస్తు పెట్టుకుని వెనక్కి రప్పించుకునే నిబంధన తపాలా శాఖలో ఉండేది. అటువంటి దరఖాస్తులు రెండో మూడో నా చేతి మీదుగా వెళ్ళాయి. ఈ మాటకు ఆ దరఖాస్తు లేదు. చివరకు నాలుగు బృందాలలోనూ, నేను పంపినది అబద్ధమనీ, విచారించకుండా పంపడం నా తప్పనీ వ్రాశాను. అన్నదాన సందేశానికి డెబ్బై ఎనభై నమస్కారాలు వచ్చాయి. ఈ క్షమాపణకు వచ్చినవి ఆరు. వారిలో ఇద్దరు, తాము కూడా అదే కోడ్‌కు డబ్బు పంపామని నాకు విడిగా ఫోన్ చేసి చెప్పారు. బయటకు చెప్పవద్దని బ్రతిమాలారు.

దాతలకు ఉపకరిస్తుందని ఒక్క విషయం కొంచెం వివరంగా చెబుతాను. మనియార్డరు రోజులలో పోస్టుమాన్ సొమ్మును పుచ్చుకునే వ్యక్తిని ఎదుట చూసి, సంతకం తీసుకుని ఇచ్చేవాడు. సంతకం రానివారికి సాక్షి సమక్షంలో వేలిముద్ర. ఆ సంతకంతో ఉన్న చీటీ పంపినవారికి తిరిగివచ్చేది. యూపీఐలో ఆ పోస్టుమాన్ లేడు. ఆయన పని మనమే చేసుకోవాలి. కోడ్‌ను ఫోనుకు చూపగానే, పిన్ నొక్కడానికి ముందు, తెరమీద ఒక పేరు కనబడుతుంది. సొమ్ము చేరబోయేది ఆ పేరు గల ఖాతాకే. కాగితం మీద గోపురం ఉండి, తెరమీద ఎవరో వ్యక్తి పేరు ఉంటే అక్కడే ఆగిపోవాలి. ఆ మనుమడికి ఆ పేరు కనబడిందట. ట్రస్టు గుమాస్తా పేరేమో అనుకున్నాడట, పాపం. పేరు సరిగానే తోచినా, పెద్ద మొత్తమైతే దేవస్థానం కార్యాలయానికి ఒకసారి ఫోన్ చేయడం మేలు. ఆ నంబరును సందేశంలో నుండి తీసుకోకూడదు. మన వద్ద ఉన్న పాత రసీదు మీదిదో, దేవస్థానం వారు ముద్రించిన పత్రికలోదో తీసుకోవాలి. మరొక మోసం కూడా ఉన్నది. ప్రసాదం పంపుతామనో, ఎక్కువగా కట్టిన సొమ్ము తిరిగి ఇస్తామనో చెప్పి పిన్ నొక్కమంటారు. మనకు డబ్బు రావడానికి పిన్‌తో పనే లేదు. పిన్ అడిగారంటే మన డబ్బు వెళ్ళబోతున్నదనే అర్థం.

నా పద్ధతి కొంత మారింది. ఐదు బృందాలలోనూ ఉన్నాను. మా ఇంటావిడ రెండింటిలో నుండి బయటకు రమ్మంటుంది గాని, పాఠశాల మిత్రులలో ఏడాదికి ఒకరిద్దరు రాలిపోతున్న వయస్సులో నాకు మనసొప్పడం లేదు. తెలిసిన సంగతిని నా సొంత మాటలలో వ్రాసి పంపుతున్నాను. ఆ ఊరి ఉత్సవానికి నేను వెళ్ళాను, ఆ సత్రంలో బస చేశాను, గది అద్దె ఇంత, అని. దీనికి పావుగంట పడుతున్నది. ఆ పావుగంటలో, పంపవలసినవనుకున్న సంగతులలో సగం పంపనక్కరలేదని నాకే తోస్తున్నది.

కిందటి మార్గశిరంలో ఆమెను వెంటబెట్టుకుని బస్సులో ఆ క్షేత్రానికి వెళ్ళాను. కౌంటరు వద్ద సొమ్ము కట్టి, భర్త పేరు, గోత్రం చెప్పి, రసీదును కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదువుకున్నారు. అన్నదాన సత్రంలో మొదటి పంక్తి లేచే వరకు అక్కడే నిలబడి చూశారు. బయలుదేరేటప్పుడు రసీదును ఫోటో తీసి తన కుమారునికి పంపమన్నారు. పంపాను.

ఆమె ఇప్పుడు తనకు వచ్చే ప్రతి సందేశాన్నీ నాకు పంపి, "ఇది నిజమేనా అన్నయ్యగారూ?" అని అడుగుతున్నారు. చాలావాటికి తెలియదమ్మా అనే జవాబిస్తున్నాను. నిన్న సాయంత్రం కూడా ఒకటి పంపారు. ఏదో కోవెలలో గోశాల నిర్మాణానికి విరాళాలట. కింద రెండు ఫోన్ నంబర్లు ఉన్నాయి, పైన జంట బాణాలు ఉన్నాయి. రేపు పదిన్నరకు వారి కార్యాలయం తెరిచాక అడిగి చెబుతాను, అంతవరకు ఎవరికీ పంపవద్దని వ్రాశాను.